రెండో గుండు ఖరీదు

పులి ఎదురుగా ఉంది. మొదటి గుండు తగిలింది. కానీ అది పడలేదు. ఇప్పుడు చేతిలో ఇంకో గుండు సిద్ధంగా ఉందా, లేదా? ఒకప్పుడు వేటగాడి ప్రాణమే కాదు, చుట్టుపక్కల ఊళ్ల ప్రాణాలూ ఆ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడేవి. ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే డబుల్ రైఫిల్. నిజాం అడవుల నుంచి నేటి బొగ్గు ఊళ్ల దాకా సాగిన దాని కథ ఇది.

ఒకటే చెక్క. దాని మీద పక్కపక్కనే రెండు గొట్టాలు. కింద రెండు మీటలు. ముందు మీట నొక్కితే కుడి గొట్టం పేలుతుంది, వెనక మీట నొక్కితే ఎడమ గొట్టం. చూడ్డానికి ఇంతే. కానీ పెద్ద జంతువుల వేట సాగినన్నాళ్లూ దీన్ని మించిన హోదా మరో తుపాకీకి దక్కలేదు. రాజులు ముచ్చటపడి కొనుక్కున్నారు. దొరలు అప్పుచేసి తెప్పించుకున్నారు. కొనలేనివాళ్లు దానికి దగ్గరగా ఉండే తుపాకీ ఏదైనా చవగ్గా దొరుకుతుందా అని జీవితమంతా వెతికారు.

ఆ వెతుకులాటలో ఒక చేదు నిజం దాగుంది. చవక తుపాకీ కొన్నది ఒకరు... దాని అసలు ధర చెల్లించింది మరొకరు!

బొగ్గుకు ముందు అడవి

బసంత్‌నగర్ అనగానే సిమెంటు గుర్తొస్తుంది. చిన్న విమానాలు దిగేందుకు వేసిన పాత రన్‌వే గుర్తొస్తుంది. పెద్దపల్లి నుంచి రామగుండం వైపు రాజీవ్ రహదారి మీద వెళ్తుంటే ఒకదాని వెంట ఒకటి చిమ్నీలూ బొగ్గు లారీలూ కనిపిస్తాయి. ఇదంతా అరవై డెబ్భై ఏళ్లలో మారిన దృశ్యం. గోదావరిఖనిలో బొగ్గు తవ్వకం మొదలైంది 1960ల ఆరంభంలో. బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కర్మాగారం వచ్చింది 1969లో. రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం మొదలైంది 1971లో. ఎన్టీపీసీకి అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసింది 1978 నవంబర్ 14న.

అంతకుముందు? రామగిరి గుట్టల నుంచి మంథని మీదుగా మహదేవ్‌పూర్ దాకా ఒకవైపు, గోదావరి దాటితే ఆదిలాబాద్ వైపు... ఎటు చూసినా అడవే. కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు మార్గం పూర్తయింది కూడా 1920ల చివర్లోనే. ఇదంతా హైదరాబాద్ రాజ్యం. వేటకు పేరుమోసిన రాజ్యం.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ముప్పైకి పైగా పులుల్ని కొట్టాడని, అందుకే ఆయన్ని ‘తీస్ మార్ ఖాన్’ అనేవారని చెప్పుకుంటారు. 1902లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ భార్యతో కలిసి వరంగల్ దగ్గరి నెక్కొండ ప్రాంతంలో వేటకు విడిది చేశాడు. చచ్చిన పులి పక్కన ఆ దంపతులు దిగిన ఫొటో నేటికీ పుస్తకాల్లో కనిపిస్తుంది. హైదరాబాద్ సైన్యంలో పనిచేసిన కల్నల్ నైటింగేల్ అనే ఆంగ్లేయుడు ఒక్కడే మూడొందలకు పైగా పులుల్ని చంపాడని పాతకాలపు వేట పుస్తకాలు రాశాయి. హైదరాబాద్ కాంటింజెంట్‌లో పనిచేసిన ఆర్.జి.బర్టన్ అనే అధికారి దక్కన్ అడవుల వేట మీద 1928లో ఏకంగా ఒక పుస్తకమే వెలువరించాడు.

వేట పద్ధతి దాదాపు అంతటా ఒకటే. పులి తిరిగే చోట దుడ్డెను ఎరగా కట్టేవాళ్లు. అది చంపి తిన్న గుర్తు కనిపిస్తే మర్నాడు ఊరి జనాన్ని పోగుచేసి, డప్పులు కొట్టించి, కేకలు పెట్టించి, పులిని మంచె వైపు తోలించేవాళ్లు. మంచె మీద తుపాకీతో దొర. కింద పొదల్లో కట్టెలతో కూలీలు. తోలడానికి వచ్చినవాళ్లకు దక్కేది కొద్దిపాటి కూలి. గాయపడ్డ పులి వెనక్కి తిరిగితే మొదట ఎదురయ్యేది కూడా వాళ్లే.

అందుకే మంచె మీదున్న మనిషి చేతిలో ఏ తుపాకీ ఉందన్నది, కింద ఉన్నవాళ్లకూ ప్రాణసమస్యే.

రెండు గొట్టాలు ఎందుకు?

నల్లమందు కాలంలో తుపాకీ ఒకసారి పేలిందంటే మళ్లీ నింపడానికి చాలా సమయం పట్టేది. గుప్పున పొగ కమ్మేది. ఆ పొగలోంచి గాయపడ్డ జంతువు దూకితే చేసేదేమీ ఉండదు. దానికి తేలిక ఉపాయం, ఒకే చెక్కకు రెండు తుపాకులు బిగించడం! డబుల్ రైఫిల్ నిజానికి అదే. రెండు గొట్టాలు, రెండు మీటలు, లోపల రెండు వేర్వేరు యంత్రాంగాలు. ఒకదానిలో స్ప్రింగు విరిగినా, తూటా పేలకపోయినా రెండోది పనిచేస్తుంది. రెండో గుండు పేల్చడానికి చెయ్యి కదపక్కర్లేదు, చూపు తిప్పక్కర్లేదు. వేలు ఒక మీట మీంచి మరో మీట మీదకు జరిగితే చాలు.

1898 ప్రాంతంలో కార్డైట్ అనే పొగరాని మందుతో ‘నైట్రో ఎక్స్‌ప్రెస్’ తూటాలు వచ్చాక దాని బలం ఎన్నో రెట్లు పెరిగింది. .470 బోరు రైఫిల్ గుండు బరువు సుమారు 32 గ్రాములు. సైన్యం వాడిన .303 గుండు 11 గ్రాములే. ఆ తేడాలోనే అంతా ఉంది. రైఫిల్ బరువు కూడా తక్కువేం కాదు... నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. అంతకన్నా తేలికైతే పేలినప్పుడు భుజం తట్టుకోలేదు.

అన్నట్టు, .470 లాంటి బోర్లు పుట్టడానికి మన దేశమూ ఒక కారణమే! మొదట్లో అందరూ కోరుకున్నది .450 బోరు. అయితే మార్టినీ-హెన్రీ అనే పాత సైనిక రైఫిల్‌దీ అదే కొలత. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి ఆ బోరు రాకుండా నిషేధించింది. ఇక్కడి గిరాకీ పోగొట్టుకోవడం ఇష్టంలేని ఇంగ్లండు తుపాకీ కంపెనీలు కొలతను కాస్త పెంచి .465, .470, .475 అంటూ కొత్తవి తయారుచేశాయి.

అంత ధర దేనికి?

రెండు గొట్టాలు కదా, ధర రెండింతలు ఉంటుందనుకుంటాం. కానీ మామూలు రైఫిల్‌తో పోలిస్తే పదింతలు పలికినవీ ఉన్నాయి. దానికి కారణం వెండి పూలో, చెక్కడపు పనో కాదు. అసలు కష్టం, రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టేలా చేయడం.

గొట్టాల్ని సమాంతరంగా అతికిస్తే సరిపోదా అంటే, సరిపోదు. కుడి గొట్టం పేలినప్పుడు తుపాకీ కాస్త కుడివైపు పైకి ఎగురుతుంది. ఎడమది పేలితే ఎడమవైపు. కాబట్టి ముందు చివర కొద్దిగా దగ్గరకు వచ్చేలా వంపు పెట్టి అతకాలి. ఎంత వంపు? అది లెక్కగట్టి చెప్పేది కాదు. పనివాడు కాల్చి చూస్తాడు. రెండు గుళ్లూ ఎక్కడ తగిలాయో చూసుకుంటాడు. గొట్టాల మధ్య అతుకును వేడిచేసి కరిగించి, మూతుల మధ్యనున్న చిన్న చీలను వెంట్రుకవాసి జరిపి, మళ్లీ అతికి, మళ్లీ కాలుస్తాడు. యాభై నుంచి వంద గజాల దూరంలో రెండు గుళ్లూ పక్కపక్కనే పడేదాకా ఇదే పని. రోజుల తరబడి సాగేది. దీన్ని ‘రెగ్యులేషన్’ అంటారు. ఈ విద్య తెలిసినవాళ్లు లండన్, బర్మింగ్‌హామ్‌లలోని హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ, వెస్ట్‌లీ రిచర్డ్స్ లాంటి కంపెనీల్లో కొద్దిమందే ఉండేవాళ్లు.

ఇంకో చిక్కుంది. ఏ తూటాతో సరిచేశారో ఆ తూటానే వాడాలి. మందు మోతాదు మారినా, గుండు బరువు మారినా రెండు గొట్టాలూ చెరోదారి పడతాయి. అంటే చవగ్గా పాత రైఫిల్ దొరికినా, దానికి తగిన తూటాలు దొరక్కపోతే రెండో గొట్టం ఉన్నా లేనట్టే. తెలిసినవాళ్లు పాత డబుల్ రైఫిల్ కొనేటప్పుడు పైమెరుగు చూసేవాళ్లు కాదు. గొట్టాల మీద చెక్కిన తూటా వివరం చదివేవాళ్లు. మూతపెట్టినప్పుడు గొట్టాలకూ వెనక దిమ్మకూ మధ్య సందు ఉందేమో చూసేవాళ్లు. గొట్టాల్ని విడదీసి వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లు. గంటలా మోగితే అతుకు గట్టిది, డొల్లగా వినిపిస్తే ఊడింది!

జేబుకు తగ్గ తుపాకీ

నవాబులకూ వైస్రాయ్‌లకూ ధర లెక్కలేదు. మరి మిగతావాళ్లు?

అటవీ అధికారి, రైల్వే ఇంజినీరు, పోలీసు సూపరింటెండెంటు... ఈ తరగతివాళ్లకు ‘ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్’ దేవుడిలా కనిపించేది. బొంబాయి, కలకత్తాల్లో దీనికి దుకాణాలుండేవి. బర్మింగ్‌హామ్‌లో చేయించి, నగిషీలు లేకుండా, తన పేరు వేసి అమ్మేది. లోపలి యంత్రం మీద ఖర్చుపెట్టి, పైమెరుగు వదిలేసినవే నిజమైన చవక రైఫిళ్లన్నమాట. సెలవు మీద స్వదేశానికి పోయే దొరలు అమ్ముకునే పాత సరుకు ఇంకో దారి.

అదీ అందనివాళ్లు బోల్టు రైఫిల్ వైపు చూశారు. జర్మనీవాడైన పాల్ మౌజర్ 1898లో తెచ్చిన నమూనా ఇందుకు పునాది. ఒకటే గొట్టం. గుండు పేల్చాక చేత్తో బోల్టును వెనక్కి లాగి ముందుకు తోయాలి. ఈలోపు ఒకటి రెండు క్షణాలు పోతాయి. కానీ లోపల మూడు నాలుగు తూటాలుంటాయి, ధరలో ఎంతో తక్కువ. 1912లో వచ్చిన .375 మాగ్నమ్ తూటాతో ఇది డబుల్ రైఫిల్‌కు గట్టి పోటీ ఇచ్చింది.

మన బొల్లారంలో 1910లో పుట్టి, దక్షిణాది అడవుల వేటకథలతో ప్రపంచానికి తెలిసిన కెన్నెత్ ఆండర్సన్ ఎంచుకున్నది మరో దారి. అమెరికాలో తయారైన .405 వించెస్టర్. గొట్టం కింద ఉన్న లివరును దించి ఎత్తితే తర్వాతి తూటా ఎక్కుతుంది. జీవితమంతా ఆయన దాన్నే నమ్ముకున్నాడు. నల్లమలలోని చలమ, గాజులపల్లె రైల్వేస్టేషన్ల చుట్టుపక్కల మనుషుల్ని తినే పులి కోసం తిరిగిన కథలోనూ ఆయన చేతిలో ఉన్నది ఆ రకమే. మంచి తుపాకీ అంటే ఖరీదైనదే కానక్కర్లేదు, చేతికి బాగా అలవాటైనదని నిరూపించినవాళ్లలో ఆయనొకడు.

ఆ తర్వాతి మెట్టు పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ. తెలంగాణ గడీల్లో దేశ్‌ముఖ్‌ల గోడలకు వేలాడినవి ఎక్కువగా ఇవే. చూడ్డానికి డబుల్ రైఫిల్‌లాగే ఉంటుంది. కానీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుండును గిరగిరా తిప్పి సూటిగా పంపే మరలు ఉండవు. పిట్టలకూ కుందేళ్లకూ సన్నగుళ్లు వాడేందుకు చేసిన తుపాకీ ఇది. అందులోనే పెద్ద సీసపు గుండు వేసి పులి మీద పేల్చేవాళ్లు. దగ్గరగా అయితే సరే, దూరం పెరిగితే గురి తప్పుతుంది. ఈ లోపాన్ని సర్దడానికి 1880ల్లో కల్నల్ ఫాస్‌బరీ అనే ఆయన గొట్టం చివర కొద్ది అంగుళాలకు మాత్రం మరలు పెట్టాడు. హాలండ్ అండ్ హాలండ్ దాన్ని ‘ప్యారడాక్స్’ పేరుతో అమ్మింది. పిట్టకూ పులికీ ఒకే తుపాకీ! రెండు కొనలేని వేటగాళ్లకు అది బాగా నచ్చింది.

ఇక అట్టడుగు మెట్టు... నాటు తుపాకీ. మన దగ్గర బర్మార్ అంటారు. మూతిలోంచి మందు కూరి, చీలలో ఇనుప ముక్కలో దట్టించి పేల్చేది. ఒక్కటే దెబ్బ. పంటకు కాపలా ఉండే రైతుకు అందుబాటులో ఉన్నది అదొక్కటే. దాంతో పులి చావడం అరుదు. గాయపడటం మాత్రం ఖాయం.

విరిగిన రెండు పళ్లు... 436 ప్రాణాలు

గాయపడ్డ పులి ఏం చేస్తుంది? దీనికి ప్రపంచంలోనే పెద్ద ఉదాహరణ హిమాలయాల దిగువన కుమావూ ప్రాంతంలోని చంపావత్ ఆడపులి. మొదట నేపాల్‌లో, తర్వాత కుమావూలో మొత్తం 436 మందిని పొట్టనబెట్టుకుందని లెక్క. 1907లో దాన్ని చంపింది జిమ్ కార్బెట్. అప్పుడాయన దగ్గరున్నది .500 బోరు రైఫిల్. వెంట తీసుకెళ్లిన తూటాలు మూడే! రెండుసార్లకు మించి కాల్చే అవకాశం రాదు, మూడోది ఆపద కోసం అన్నది ఆయన లెక్క. ఆ మూడూ అయిపోయాయి. పులి ఇంకా నిలబడే ఉంది. ఆయన పరుగున వెళ్లి తోలడానికి వచ్చిన తహసీల్దారు చేతిలోని తుపాకీ లాక్కొచ్చాడు. తీరా చూస్తే దాని గొట్టాలకూ వెనక దిమ్మకూ మధ్య దాదాపు సెంటీమీటరు సందు! పేలిస్తే వెనక్కి తన్ని ముఖం పగలొచ్చు. అయినా పేల్చాడు. నోట్లోకి గురిపెడితే గుండు వెళ్లి కాలికి తగిలింది. అదృష్టవశాత్తూ అంతకుముందు తగిలిన దెబ్బలతోనే పులి ప్రాణం పోతోంది.

ఆ తర్వాత పులి నోరు తెరిచి చూసినప్పుడు తేలింది అసలు విషయం. కుడివైపు పైకోర సగానికి, కిందికోర ఎముకదాకా విరిగి ఉన్నాయి. ఎప్పుడో, ఎవరో పేల్చిన గుండు దెబ్బ. కోరలు లేక అడవి జంతువుల్ని పట్టలేని పులి మనిషికి మరిగింది. ఆ గుండు పేల్చినవాడి పేరు ఎవరికీ తెలియదు. అతని చేతిలో ఏ తుపాకీ ఉందో కూడా తెలియదు. కానీ అతను ఆ పులిని చంపలేకపోయాడని మాత్రం తెలుసు. ఆ లోటుకు 436 కుటుంబాలు కన్నీళ్లు పెట్టాయి.

కార్బెట్ ఆ అనుభవాన్ని మరిచిపోలేదు. తర్వాతి ఏళ్లలో డబ్ల్యూ.జె.జెఫ్రీ కంపెనీ చేసిన .450/400 డబుల్ రైఫిల్ ఆయన తోడుగా నిలిచింది. అలంకారం పెద్దగా లేని, పనికి మాత్రమే చేసిన రైఫిల్ అది. చివరికి దానికి ఎంత ధర పలికిందో తెలుసా? 2015లో అమెరికాలో జరిగిన వేలంలో రెండున్నర లక్షల డాలర్లకు పైనే!

గోడ మీది తుపాకీ దిగింది

తెలంగాణ పల్లెల్లో వేట తుపాకీకి ఇంకో చరిత్ర ఉంది. అది పులి కంటే మనిషిని భయపెట్టడానికే ఎక్కువ పనికొచ్చింది. అందుకే 1946-51 సాయుధ పోరాటంలో దళాలు మొదట గురిపెట్టింది గడీల్లోని తుపాకుల మీదే. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తర్వాత కరీంనగర్ జిల్లాలో అదే చరిత్ర మళ్లీ నడిచింది. లైసెన్సు తుపాకులు కొన్ని దళాల చేతికి చిక్కాయి, కొన్ని ముందుజాగ్రత్తగా పోలీస్‌స్టేషన్లకు చేరాయి.

ఈలోగా పులి కథే మారిపోయింది. 1970లో పులివేట నిషేధం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం. 1973 ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్. గోదావరి ఒడ్డున చిమ్నీలు లేచిన దశాబ్దంలోనే వేట రోజులూ ముగిశాయి. విదేశీ తుపాకుల ప్రైవేటు దిగుమతులకు 1980ల మధ్యలో తెరపడింది. దేశంలో మిగిలినవి వారసత్వంగా వచ్చిన పాత డబుల్ రైఫిళ్లే. వాటికి సరిపడే .470 లాంటి తూటాలు మన ఆయుధ కర్మాగారాలు చేయవు. అవి చేసే .315 బోల్టు రైఫిలే లైసెన్సుదారులకు అందుబాటులో ఉన్న సామాన్యుడి రైఫిల్.

ఇప్పుడు డబుల్ రైఫిల్‌తో చట్టబద్ధంగా వేటాడే చోటు ప్రధానంగా ఆఫ్రికా. అక్కడి చాలా దేశాల్లో ఏనుగు, అడవిదున్న లాంటి వాటిని .375 కంటే చిన్న బోరుతో కాల్చడం నేరం. కారణం అదే... గాయపరిచి వదిలేయొద్దని. లండన్‌లో చేతిపనితో తయారయ్యే కొత్త డబుల్ రైఫిల్ కోటి రూపాయలకు పైమాటే. జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్ కంపెనీలు యంత్రాలతో గొట్టాలు కోసి ధర బాగా తగ్గించాయి. అయినా గొట్టాల్ని సరిచేసే పని దగ్గర తొందర పనికిరాదని ఆ రంగంవాళ్లు అంటారు. చవక రైఫిల్ కొంటే మిగిలిన డబ్బుతో తూటాలు కొని, అడవికి వెళ్లేముందు రెండు గొట్టాలూ ఎక్కడ కొడుతున్నాయో కాల్చి చూసుకోవాలన్నది వాళ్ల పాత సలహా.

తాతగారి తుపాకీ ఇంట్లో ఉంటే...

* లైసెన్సుదారు చనిపోతే తుపాకీని ఇంట్లో దాచుకోకూడదు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్‌స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర గానీ జమచేయాలి.

* వారసులు తమ పేరు మీద లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. 2016 నాటి నిబంధనల ప్రకారం లైసెన్సుదారు బతికుండగానే, ఆయనకు డెబ్భై ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర పాతికేళ్లు ఉన్నా వారసులకు బదలాయించమని కోరవచ్చు.

* 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అంతకుముందు మూడు ఉండేవి.

* పాత తూటాలను సరదాకి కూడా పేల్చి చూడొద్దు. గొట్టం అతుకు ఊడి ఉంటే ప్రాణానికే ముప్పు.

* గోడ మీది పులితల, చర్మం, జింక కొమ్ములకు అటవీశాఖ ఇచ్చే యాజమాన్య పత్రం ఉండాలి. వాటిని అమ్మడం, కొనడం నేరం. పులిని వేటాడితే కనీసం మూడేళ్ల జైలు, పాతికవేలకు తగ్గని జరిమానా.

పులి తిరిగొచ్చింది

వేట ఆగింది. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వు ఏర్పడింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు ప్రాణహిత, పెన్‌గంగ దాటి ఇటు రావడం మొదలైంది. సంతోషమే. కానీ అవి వచ్చేసరికి అడవి మధ్యలో గనులూ రోడ్లూ పత్తిచేలూ ఉన్నాయి. 2020 నవంబర్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు యువ గిరిజనులు చనిపోయారు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర పత్తిచేనులో పనిచేస్తున్న మహిళ బలైంది. పాతకాలమైతే దొరకు కబురు వెళ్లేది, మంచె లేచేది. ఇప్పుడు కెమెరాలు, బోన్లు, గస్తీ బృందాలు వచ్చాయి. పులి మనిషి ప్రాణానికి ముప్పని తేలి, పట్టుకోవడం సాధ్యం కాదనుకున్నప్పుడే చంపేందుకు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. 2018 నవంబర్ 2 రాత్రి యవత్‌మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని హైదరాబాద్‌కు చెందిన అస్గర్ అలీఖాన్ కాల్చి చంపినప్పుడు దేశమంతా వాదించుకుంది. పదమూడు మంది మరణాలకు అది కారణమని ఒకరు, మత్తుమందుతో పట్టుకోవాల్సిందని మరొకరు.

ఆ వాదన పెద్ద రైఫిళ్ల గురించి. కానీ నేడు బొగ్గు ఊళ్ల చుట్టుపక్కల అడవుల్లో జంతువుల్ని చంపుతున్నది రైఫిల్ కాదు. రైతుకు అందుబాటులో ఉన్న అతి చవక ఆయుధం... కరెంటు తీగ!

అడవిపందులు ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేనంతా తొక్కేస్తే ఏడాది కష్టం పోతుంది. ఆ కడుపుమంటను తప్పుపట్టలేం. పంటలకు చేటుచేసే అడవిపందుల్ని గుర్తింపు పొందిన షూటర్లతో చట్టబద్ధంగా కాల్పించే విధానాన్ని తెలంగాణ ప్రభుత్వం 2021లో తెచ్చింది. అయినా షూటరు వచ్చేదాకా ఆగే ఓపిక ఎందరికి? లైన్‌మీదకు కొక్కెం వేసి, చేను చుట్టూ తీగ లాగితే ఖర్చు ఏమీ లేదు. పందిమాంసం కోసం అడవిలోకే తీగ లాగేవాళ్లు మరికొందరు. 2019 జనవరిలో మందమర్రి దగ్గర ఒక పులిచర్మం పట్టుబడింది. ఆరా తీస్తే ఆ పులి చనిపోయింది గోదావరికి అవతల, జైపూర్ మండలం శివ్వారం అడవిలో. వేటగాళ్లు పెట్టిన కరెంటు తీగకు తగిలి.

డబుల్ రైఫిల్ పట్టుకున్నవాడు కనీసం ఎవరిని కాలుస్తున్నాడో చూసి కాల్చేవాడు. గురి తప్పితే రెండో గుండు తన బాధ్యత అనుకునేవాడు. తీగకు చూపు లేదు. పందో, పులో, పొద్దున్నే పాలకోసం తోలుకొస్తున్న బర్రెనో, చేనుకు నీళ్లుపెట్టడానికి చీకట్లో వచ్చిన పక్కచేను రైతునో దానికి తెలియదు. ఇలాంటి తీగలకు మనుషులూ పోతూనే ఉన్నారు. పెట్టినవాడు జైలుకు, పోయినవాడు కాటికి. రెండు కుటుంబాలూ వీధిన పడతాయి.

వందేళ్ల కిందట గురి కుదరని తుపాకీతో పులిని గాయపరిచి వదిలేసినవాడు ఎంత మిగుల్చుకున్నాడో తెలియదు. ఎంతమంది ప్రాణాలు తీసిందో మాత్రం చరిత్రలో నమోదైంది. రాత్రిపూట చేను చుట్టూ తీగ లాగుతున్న చేతులు ఒక్కసారి ఆగి ఆ లెక్క గుర్తుచేసుకుంటే చాలు. చవగ్గా దొరికే ఆయుధం ఎప్పుడూ చవక కాదు!